చదరపు మైలు చెన్నపట్నం

(నెల్లూరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గంటసేపు మాట్లాడమన్నారు. అంత అక్కర్లేదు, టీ వచ్చేలోపు ముగించేస్తాను.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడ మద్రాసు మొహం చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు. నెల్లూరులో ఉండరు కూడా. మనకి గుండెనొప్పి వచ్చినా మద్రాసే, పెళ్ళి కుదిరినా మద్రాసే. ఆస్పత్రికి వెళ్తాం, పట్టుచీరలకి టి.నగర్ వెళ్తాం, పిల్లల వీసా కోసం మౌంట్‌రోడ్డులో నిలబడతాం. సరే, ఇంకో ప్రశ్న. ఏ పనీ లేకుండా, ఊరికే నడవడానికి మద్రాసు వెళ్ళినవాళ్ళు? అదుగో, ఒక చెయ్యి లేచింది. ఆయన నడిచింది ఆటోవాడితో బేరం తెగక. (నవ్వులు)

పోయిన డిసెంబరు చివర, క్రిస్మస్ సెలవుల్లో, నేనూ మా ఆవిడా ఆ పని చేశాం. ముందురోజు రాత్రే వెళ్ళి సెంట్రల్ దగ్గర లాడ్జిలో దిగాం. పొద్దున్నే టిఫిను చేసి బయల్దేరి, చీకటి పడేదాకా నడిచాం. ఒక గొడుగు, రెండు నీళ్ళ సీసాలు, మా ఆవిడ చేతిసంచి. ఆ ఊళ్ళో కాలినడకకి పనికొచ్చేది డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకానే. అంతకుముందు వానలు, ఆ తరువాత ఉక్క. మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మన గాలీ అదేగా.

పెద్ద ఊరిని ఒక్క రోజులో చూసెయ్యాలనుకునేవాళ్ళు మెరీనా, మైలాపూరు, జంతు ప్రదర్శనశాల, మహాబలిపురం అని జాబితా రాసుకుని కారు మాట్లాడుకుంటారు. పొద్దుగూకేసరికి వాళ్ళు ఎక్కువసేపు చూసింది ముందు బండి నంబరు ప్లేటు. నడిచేవాడికి ఆ సౌకర్యం లేదు. వాడు ముందు వదిలెయ్యడం నేర్చుకోవాలి. మేము మైలాపూరు వదిలేశాం, మెరీనా వదిలేశాం, టి.నగర్ అయితే పేరెత్తితే మా ఆవిడ అటే లాక్కెళ్తుందని అసలు ఎత్తలేదు. పట్టుకున్నది ఒక్క జార్జిటౌను. తూర్పున హార్బరు, దక్షిణాన కోట, పడమట వాల్‌టాక్స్ రోడ్డు. మొత్తం కలిపి ఒక చదరపు మైలు, అటూ ఇటూ. కార్లు పుట్టకముందు ఏర్పడిన పేట కాబట్టి మనిషి కాలికి సరిపోయేట్టు ఉంటుంది. కారు లోపలికి వెళ్తే మాత్రం ఇరుక్కుంటుంది, మనం పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుంటే దాన్లో వాళ్ళు మనల్ని అసూయగా చూస్తారు.

కోట సంగతి తొందరగా చెప్పేస్తాను. సెంట్ జార్జి కోట అంటే ఇవాళ తమిళనాడు సెక్రటేరియట్, అసెంబ్లీ. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. లోపల రెండు చూడండి చాలు. ఒకటి మ్యూజియం. 1947 ఆగస్టు 15న కోట మీద ఎగరేసిన మువ్వన్నెల జెండా అక్కడ అద్దాల పెట్టెలో ఉంది, పట్టు జెండా. దాని ముందు ఎంతసేపు నిలబడతారో మీ ఇష్టం. రెండోది సెంట్ మేరీస్ చర్చి, 1680లో కట్టడం పూర్తయింది. గుండ్లు పడినా తట్టుకోవాలని కప్పు గుండ్రంగా తిప్పి, ఇటుకతో మందంగా కట్టారు. రాబర్టు క్లైవు పెళ్ళి 1753లో జరిగింది అందులోనే. చర్చి చుట్టూ నేలంతా సమాధి రాళ్ళు పరిచి ఉంటాయి. ఆ మనుషులెవరూ అక్కడ లేరు, రాళ్ళు మాత్రం వేరేచోట ఉన్న పాత శ్మశానం నుంచి తెచ్చి పరిచారు. మా ఆవిడ వాటి మీద కాలు పెట్టనని చుట్టూ తిరిగి వచ్చింది. నేను పేర్లు చదువుకుంటూ అడ్డంగా వెళ్ళాను.

ఇక్కడ మీకు నచ్చే విషయం ఒకటి చెప్తాను. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఆ ఇసుక ఒడ్డు రాసిచ్చాడు. వాళ్ళ నాన్న చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయిందని ఎక్కువమంది చెప్పే మాట. మధ్యన నిలబడి బేరం నడిపిన దుబాసీ బేరి తిమ్మప్ప. పుచ్చుకున్నది ఫ్రాన్సిస్ డే. మరి ఆ డే దొర అంతకుముందు ఎక్కడ కాపురం? మన వాకాడు పక్కన, దుగరాజపట్నంలో! కంపెనీ వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అని రాసుకునేవాళ్ళు. 1626 నుంచి అక్కడ వాళ్ళకి గిడ్డంగి, ఫిరంగులు అన్నీ ఉండేవి. అక్కడ బట్టల బేరం అనుకున్నట్టు సాగక, దక్షిణానికి దిగి ఈ ఇసుకలో కోట కట్టుకున్నారు. అంటే మద్రాసు మన దుగరాజపట్నం నుంచి లేచిపోయిన దుకాణం. (చప్పట్లు)

చూశారా, చప్పట్లు కొట్టారు. కొడతారని నాకు తెలుసు. నేను ఇవాళ మాట్లాడదామని వచ్చింది ఆ చప్పట్ల గురించే.

తెలుగువాడు మద్రాసులో నడిస్తే ఒక జబ్బు వెంట నడుస్తుంది. ఇది మనది, అది మనది, పానగల్ పార్కు మన పానగల్ రాజావారిది, నాగేశ్వరరావు పార్కు మన పంతులుగారిది అని లెక్కపెట్టుకుంటూ పోవడం. ‘మద్రాసు మనదే’ అని వీధుల్లో అరిచిన తరం దాటిపోయింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది, లెక్క మాత్రం ఆగలేదు. లెక్క తప్పని నేననను. ఉన్నవి ఉన్నాయి. కాని ఆ లెక్కతో నడిస్తే సగం ఊరు కంటికి ఆనదు. మనవాళ్ళు ఎవరి పక్కింట్లో ఉన్నారు, ఎవరితో వ్యాపారం చేశారు, ఎవరితో తన్నుకున్నారు, అవి కనపడవు. జార్జిటౌనులో నిజంగా చూడాల్సింది అదే. పైగా అది కాలినడకన వెళ్తేనే కనపడుతుంది, ఎందుకో చెప్తాను.

కోట దాటి ఉత్తరంగా వస్తే హైకోర్టు. 1892లో తెరిచారు. ఎర్ర ఇటుక, గుమ్మటాలు, మధ్యలో 175 అడుగుల గోపురం. ఆ గోపురం మీద దీపం పెట్టి 1894 నుంచి ఎనభై ఏళ్ళకు పైగా ఓడలకి దారి చూపించారు. కోర్టు నెత్తిన లైట్‌హౌసు! కోర్టుకి సెలవులు కాబట్టి మేము వెళ్ళిన రోజు నల్లకోట్లు లేవు, బెంచీల కింద కుక్కలు నిద్రపోతున్నాయి. ప్రహరీ గోడ దగ్గర ఒక రాతి పలక ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్‌డెన్ వచ్చి మద్రాసు మీద గుండ్లు వేసి చక్కా పోయింది, ఆ గుండు ఒకటి పడ్డ చోటది. హార్బరు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి. దెబ్బ చిన్నదే, జనం మాత్రం ఊరు ఖాళీ చేసి పరుగులు పెట్టారు.

ఈ హైకోర్టు ఉన్న నేల మీదే ఒకప్పుడు నల్లవాళ్ళ పట్నం ఉండేది. తెల్లవాళ్ళు కోట లోపల, మనవాళ్ళు ఆ గోడకి ఆనుకుని బయట. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నారు. 1749లో ఇంగ్లీషువాళ్ళ చేతికి తిరిగి వచ్చింది. ఆ తరువాత వాళ్ళకి భయం పట్టుకుంది, కోట చుట్టూ ఫిరంగికి అడ్డం లేకుండా మైదానం ఉండాలని పాత పట్నాన్ని పడగొట్టించారు. గుడి కూడా పోయింది. 1760లలో మణలి ముత్తుకృష్ణ ముదలి పూనుకుని కొత్తచోట రెండు గుళ్ళు పక్కపక్కనే కట్టించాడు, చెన్నకేశవుడికీ చెన్నమల్లీశ్వరుడికీ. ఇవాళ పూలబజారు సందడిలో ఉన్నది ఆ జంట గుళ్ళే. జనం మాత్రం ముత్తియాల్‌పేటకీ పెద్దనాయకన్‌పేటకీ సర్దుకున్నారు. ఆ రెండు పేటలు కలిపి ఇరవయ్యో శతాబ్దంలో జార్జిటౌను అయ్యాయి.

హైకోర్టు ఎదురుగా పారీస్ కార్నరు. 1788లో వ్యాపారం పెట్టిన థామస్ పారీ పేరది, వేల్స్ దేశం మనిషి. ఆ మూల నిలబడి ఒక్క నిమిషం ఆగండి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి ఎదురు తిరిగి మద్రాసులో హర్తాళ్ జరిగినప్పుడు పోలీసులు కాల్పులు జరిపింది ఇక్కడే. పడిపోయినవాణ్ణి చూడటానికి వెళ్తున్న టంగుటూరి ప్రకాశం పంతులుగారిని తుపాకులతో అడ్డగిస్తే, చొక్కా విప్పి గుండె చూపించి కాల్చమన్నాడు. ఆయన ఆంధ్రకేసరి అయింది అప్పుడే. అక్కడి నుంచి ఉత్తరంగా పోయే రోడ్డు పేరు ప్రకాశం సాలై. అందరూ ఇంకా బ్రాడ్‌వే అనే అంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఆ బ్రాడ్‌వే ఒకప్పుడు రోడ్డు కాదు, మురుగు నీళ్ళు నిలిచే పల్లం. స్టీఫెన్ పోఫామ్ అనే లాయరు 1780లలో దాన్ని చేతిలోకి తీసుకుని నీళ్ళు తోడించి, పూడ్పించి రోడ్డు వేయించాడు. పల్లానికి ఇటు తూర్పున ముత్తియాల్‌పేట, అటు పడమట పెద్దనాయకన్‌పేట. రెండూ ఒక ఊరు కావు, వాటి మధ్య ఉన్నది పల్లం ఒక్కటే కాదు. ఆ రోజుల్లో దక్షిణాది కులాలు రెండు జట్లు: కుడిచేతివాళ్ళు, ఎడమచేతివాళ్ళు. కోమట్లు, బలిజలు కుడివైపు. బేరి శెట్లు, కంసాలి కమ్మరి పంచాణంవారు ఎడమవైపు. ఏ వీధిలోంచి ఎవరి పెళ్ళి ఊరేగింపు పోవాలన్న దగ్గర 1707లో గొడవ రేగింది. జనం ఊరు వదిలి శాంథోం వెళ్ళిపోయేదాకా వచ్చింది. కంపెనీకి వ్యాపారం ఆగింది. చివరికి గవర్నరు థామస్ పిట్ గీత గీశాడు. కుడివాళ్ళు పెద్దనాయకన్‌పేటలో ఉండండి, ఎడమవాళ్ళు ముత్తియాల్‌పేటలో ఉండండి, ఒకరి వీధిలోకి ఒకరు రావద్దన్నాడు.

మూడొందల ఏళ్ళ కిందటి గీత. ఇప్పుడుందా? పుస్తకంలో చదివితే లేదనుకుంటాం. నడిచి చూడండి. బ్రాడ్‌వేకి తూర్పున తంబుశెట్టి వీధిలో కాళికాంబ గుడి ఉంది, విశ్వకర్మలు, అంటే ఇందాకటి పంచాణంవారు, చూసుకునే గుడి. 1677లో శివాజీ వచ్చి దణ్ణం పెట్టుకున్నాడని చెప్పుకునేది ఆ గుడినే. అదే రోడ్డు దాటి పడమటికి వెళ్తే కన్యకాపరమేశ్వరి దేవస్థానం, కోమట్లది. పాత కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు స్థలం వాళ్ళదే, 1996లో ఆ మార్కెట్టు కోయంబేడు వెళ్ళిపోయింది. ఇటు గుడికీ అటు గుడికీ మధ్య పావుగంట నడక. ఈ పావుగంట నడక మీద ఒకప్పుడు తలలు పగిలాయి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో మనవాళ్ళెవరు? కోమట్లూ మనవాళ్ళే, కంసాలులూ మనవాళ్ళే. తెలుగు మాట్లాడేవాళ్ళు గీతకి రెండు వైపులా ఉన్నారు, అరవం మాట్లాడేవాళ్ళూ రెండు వైపులా ఉన్నారు. ఆ పెళ్ళి ఊరేగింపు దగ్గర కొట్టుకున్నవాళ్ళకి భాష పట్టలేదు. ‘మద్రాసు మనదే’ అని మనం ఒక్క గొంతుతో అన్నది చాలా తరువాతి ముచ్చట.

తంబుశెట్టి వీధిలో ఉండగా ఇంకో మాట. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికై నడిచింది ఈ వీధి నుంచే. ఇప్పుడు అక్కడ అంతా షిప్పింగు ఏజెంట్లు, కస్టమ్స్ ఏజెంట్లు, మెట్ల కింద జిరాక్సు మిషన్లు. నేను పలకేమైనా దొరుకుతుందా అని ఆ మేడలకేసి మెడ నొప్పి పుట్టేదాకా చూస్తుంటే, మా ఆవిడ కొబ్బరి బోండాం తాగేసి, "ఆ పత్రిక మీరు చదివారా?" అంది. మా నాన్న చదివేవాడన్నాను. "అయితే పదండి," అంది. (నవ్వులు)

ఆ పక్కదే ఆర్మేనియన్ వీధి. అందులో 1772 నాటి ఆర్మేనియన్ల చర్చి. పొద్దుటి పూటే వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే తలుపు వేసేస్తారు. వీధిలో హారన్ల మోత చెవులు చిల్లులు పడేట్టు ఉంటుంది, గుమ్మం దాటితే దేవగన్నేరు చెట్లు, సమాధి రాళ్ళు, విడిగా గంటల గోపురం. అక్కడ ఒక మతగురువు సమాధి ఉంది, హరుత్యూన్ ష్మవోనియన్. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్‌దరార్’ను 1794లో ఆయన అచ్చు వేసింది మద్రాసులో. వాళ్ళ దేశంలో కాదు, ఇక్కడ! వాళ్ళకి మొదటి పత్రిక పుట్టిన వీధికీ, మన ఆంధ్రపత్రిక వీధికీ మధ్య కేకేస్తే వినపడేంత దూరం. వాళ్ళిప్పుడు ఆ ఊళ్ళో దాదాపు లేరు. మద్రాసు మాదే అని ఆర్మేనియావాళ్ళు ఊరేగింపు తీసినట్టు నేనెక్కడా చదవలేదు.

అక్కడి నుంచి ఇంకాస్త ఉత్తరానికి పోతే పగడాల వీధి, కోరల్ మర్చెంట్ స్ట్రీట్. నాకు ఆ రోజంతా కలిపి ఎక్కువ నచ్చింది ఇదే, చూడటానికి ఏమీ లేకపోయినా. పదిహేడో శతాబ్దంలో లండన్ నుంచి, ఇటలీ లివోర్నో నుంచి యూదు వర్తకులు ఇక్కడికి వచ్చారు. మధ్యధరా సముద్రంలో పట్టిన పగడాలు ఓడల్లో తెచ్చేవాళ్ళు. తిరిగి ఏం పట్టుకెళ్ళేవాళ్ళో తెలుసా? వజ్రాలు. ఎక్కడి వజ్రాలు? గోల్కొండ సుల్తాను ఏలుబడిలోని కృష్ణ ఒడ్డు గనులవి, కొల్లూరు, పరిటాల వైపువి. జాక్ ద పైవా అనే యూదు వర్తకుడు గనుల దగ్గరికే స్వయంగా ప్రయాణమై వెళ్ళి, జబ్బుపడి 1687లో మద్రాసులో చనిపోయాడు. ఇందాక గీత గీశాడన్న గవర్నరు పిట్టు ఉన్నాడే, ఆయన 1702లో ఒక పెద్ద వజ్రం కొన్నాడు, అదీ మన కృష్ణ ఒడ్డుదే. దాన్ని ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. ఇవాళ రీజెంట్ వజ్రం అని పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కొల్లూరు గనులేమో పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి.

కొల్లూరులో గొయ్యి తవ్విన కూలీవాడు పగడాల వీధి చూసి ఉండడు. పగడాల వీధిలో కూర్చున్న యూదుకి కృష్ణ తెలిసేది ధర ఎక్కువ తక్కువలతో. అయినా ఆ వీధి పుట్టింది వీళ్ళిద్దరి వల్ల. అది ఎవరిదని రాసుకుందాం?

మధ్యాహ్నం ఎన్ఎస్‌సీ బోస్ రోడ్డు వెంబడి పడమటికి, షావుకారుపేటలోకి. ఒక్కో వీధికి ఒక్కో సరుకు. గోడౌన్ వీధి బట్టలు, ఆండర్సన్ వీధి కాగితం, నారాయణ ముదలి వీధి బొమ్మలూ ఫ్యాన్సీ, బోస్ రోడ్డు మీద బంగారం. ఒకే సరుకు అమ్మేవాళ్ళు ఇంతమంది పక్కపక్కన ఎందుకు కూర్చుంటారు, పోటీ కాదా అని మా ఆవిడకి అనుమానం. హోల్‌సేలు బజారు నడిచేదే అలా. పొరుగూరి వ్యాపారి పొద్దున్న రైలు దిగి సాయంత్రం రైలెక్కాలి. అన్ని కొట్లూ ఒకేచోట ఉంటేనే నాలుగు ధరలు కనుక్కుంటాడు. కొట్టువాడి దగ్గర ఒక రకం అయిపోతే పక్క కొట్లోంచి తెప్పించి ఇస్తాడు గాని గిరాకీని పోనివ్వడు. మూటలు మోసేవాళ్ళకీ ఏ వీధి సరుకు ఎలా పేర్చాలో చేతికి వచ్చేసి ఉంటుంది. మూడు చక్రాల మీన్‌బాడీ బండ్లలో తలెత్తు మూటలు వేసుకుని, "ఓరం, ఓరం" అని అరుస్తూ వస్తారు. తప్పుకోవాల్సింది మనమే. ఆ సందుల్లో ఫుట్‌పాతు అనే వస్తువు లేదు.

ఆండర్సన్ వీధిలో ఒక పెళ్ళి కార్డుల కొట్టుకి వెళ్ళాం. పెళ్ళేమీ లేదు, నీడ కోసం వెళ్ళాం. కొట్టాయన డెబ్బై దాటినాయన, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. మేము మాట్లాడుకుంటుంటే విని, "ఏ ఊరు మీది?" అన్నాడు తెలుగులో. నెల్లూరన్నాం. "మా తాతవాళ్ళది కావలి పక్కనంట సార్. నేను చూడలా," అన్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది అరవం, కొట్లో బేరం మార్వాడీలతో హిందీ. నమూనాల ఆల్బం ముందుకి తోశాడు. అట్ట తిప్పితే వినాయకుడి బొమ్మతో తమిళం, తరువాత కలశం బొమ్మతో తెలుగు, తరువాత నెలవంకతో ఉర్దూ, శిలువతో ఇంగ్లీషు, గుజరాతీ. అన్నిటికీ ఒకటే బంగారు రంగు ఫాయిలు, ఒకటే మిషను. గోరుతో గీకి చూపించాడు, రాలదని. నేను ఉండబట్టలేక అడిగాను, "మిమ్మల్ని ఈ వీధిలో తెలుగువాళ్ళంటారా, తమిళులంటారా?" అని. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "కార్డు కొట్టాయన అంటారు సార్," అన్నాడు. (నవ్వులు)

భోజనం మింట్ స్ట్రీట్‌లో. కంపెనీ టంకశాల ఉండబట్టి ఆ పేరు. ఇప్పుడది సగం రాజస్థాను, సగం గుజరాతు. అన్నం కోసం వెతక్కండి, అక్కడిది తినండి. రెండు చిన్న తట్టమురుకుల మధ్య పచ్చడి రాసి, కీరా, టమేటా, ఉల్లిపాయ చక్రాలు పెట్టి ఇస్తారు, మురుకు శాండ్‌విచ్ అంటారు. జైపూరులో లేదు, మధురైలో లేదు. మార్వాడీ చేతిలో అరవ మురుకు పడితే పుట్టింది. మురుకు మెత్తబడేలోపు నోట్లో వేసుకోవాలి, అర నిమిషం ఆగినా లాభం లేదు.

ఇక్కడ ఆడవాళ్ళున్నారు కాబట్టి ఒక విషయం తప్పక చెప్పాలి. ఇంత పెద్ద బజారులో ఆడమనిషి నిశ్చింతగా వెళ్ళే మరుగుదొడ్డి దొరకడం గగనం. యాత్రల గురించి రాసే మగవాళ్ళు ఈ సంగతి రాయరు, వాళ్ళకి గోడలున్నాయి. మా ఆవిడ రెండు చోట్లు గుర్తుపెట్టుకుంది: సెంట్రల్ మెట్రో, హైకోర్టు మెట్రో. మా దారి చాలావరకు ఆ రెంటి మధ్యే అల్లుకున్నాం. ఊరు నడవడానికి అనువుగా ఉందా లేదా అనడానికి నా దృష్టిలో చెట్లూ ఫుట్‌పాతుల కంటే ముందు చూడాల్సింది ఇదే.

సాయంత్రం మళ్ళీ తూర్పుకి తిరిగి, బీచ్ స్టేషను దగ్గర బర్మాబజారు. 1962లో బర్మాలో సైన్యం అధికారం తీసుకుని వ్యాపారాలన్నీ జాతీయం చేశాక, అక్కడ తరాలుగా ఉన్న మనదేశం వాళ్ళు ఓడలెక్కి మద్రాసు దిగారు. చేతిలో ఏమీ లేదు. 1960ల చివర ప్రభుత్వం ఆ రోడ్డు పక్కన కొట్లు పెట్టుకోనిచ్చింది. అప్పట్లో విదేశీ సెంట్లు, రేడియోలు, ఇప్పుడు ఫోను కవర్లు, ఛార్జర్లు. కొనేదేమీ లేదు. తినేది ఉంది. వెనక వీధిలో బండ్ల మీద అత్తో అమ్ముతారు, బర్మా నూడుల్స్. బండాయన గిన్నెలో పసుపుపచ్చ నూడుల్స్ వేసి, సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, కారం, చింతపండు పులుసు, వెల్లుల్లి నూనె వేసి చేత్తోనే కలిపి, నిమ్మకాయ పిండి ఇస్తాడు. పక్కన కప్పులో అరటిదూట సూపు. మా ఆవిడ మొదట మొహం చిట్లించింది, తరువాత నా గిన్నెలోది కూడా తిన్నది.

ఇది అరవవాళ్ళ కథ అనుకుంటారు గాని, రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్ళినవాళ్ళలో మనవాళ్ళూ తక్కువేం కాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి వైపు నుంచి ఓడలకి ఓడలు కూలికి వెళ్ళారు. కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్ళని అక్కడివాళ్ళు కొరంగీలనేవాళ్ళు. 1930లో రంగూను రేవులో కూలి పని దగ్గర గొడవై, చాలామంది తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఒక పేట ఇప్పటికీ ఉంది. మరి ‘మనది’ లెక్క రాసేటప్పుడు రంగూను రేవుని ఎందుకు రాయం? అక్కడ రాజాలు లేరు, పార్కులు లేవు, మూటలు మోసిన కూలీలే ఉన్నారు. అందుకని రాయం. నేను నడుస్తూ దీని గురించే ఎక్కువ ఆలోచించాను.

టీ వచ్చినట్టుంది. రూటు అడుగుతున్నారు కొందరు. కాగితం మీద రాసి లైబ్రేరియన్‌గారికి ఇచ్చాను, జిరాక్సు తీసుకోండి. కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆదివారం వెళ్తే కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. అందుకని శనివారం పెట్టుకోండి. పాత చెప్పులు వేసుకెళ్ళండి, కొత్తవి కరుస్తాయి. ఏమ్మా, ఏదో అడుగుతున్నావు? టి.నగర్‌కి ఆ రోజు టైము ఉంటుందా అనా? ఉండదు. (నవ్వులు)